బెంగుళూరులో ఎకసెక్కెం పాటల వేట

మా ఊరు హిందూపురంలో బడి వార్షికోత్సవం నాడు గిటారు వాయిస్తూ వరసగా నాలుగు పాటలు పాడాను. నాలుగూ ఏడుపు పాటలే. మూడో పాటకు ముందువరస పెద్దమనిషి ఒకాయన కునుకు తీశాడు. నాలుగోది అయిపోగానే వెనకనుంచి ఎవరో, "ఏమ్మా, ఇంట్లో ఎవురన్నా పోయినారా?" అన్నారు. సభంతా నవ్వింది. ఆరోజు నాకు దక్కిన నవ్వు అదొక్కటే.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఇది. గిటారు మావారు తెచ్చింది. బెంగుళూరు దండులో, అదే కంటోన్మెంటులో, సొంత దేశానికి పోతున్న తెల్ల సిపాయి ఒకడు అమ్ముతుంటే కొన్నారు. పెండ్లికి ముందు మదనపల్లెలో చదివేటప్పుడు సంగీతం టీచరమ్మ దగ్గర నేర్చుకున్న గిటారు విద్య నాకు చేతిలో ఉంది గాని, పాటలు మాత్రం విరహాలూ వీడ్కోళ్ళే. అలాంటి సమయంలో బెంగుళూరు మహిళా సమాజం వారినుంచి పిలుపు వచ్చింది. ఆదివారం సాయంకాలం సభ. ఇరవై నిమిషాలు నేనొక్కదాన్నే పాడాలి. మళ్ళీ ఏడిపించే ధైర్యం నాకు లేదు. కాస్త పొగరూ, బోలెడు నవ్వూ ఉన్న పాటలు, ఒక్క గొంతూ ఒక్క గిటారూ మోయగలవి, ఎక్కడైనా దొరుకుతాయేమో వెదుకుదామని మూడు రోజులు ముందే, గురువారమే బయలుదేరాను. తోడు మా అత్తగారు రుక్మిణమ్మ.

చిక్కపేటలో దగ్గరి బంధువులున్నారు, వాళ్ళింట్లో దిగండి అని మావారు అన్నారు. అత్తగారు మొహం తిప్పుకుని, "సత్రమే మేలు" అన్నారు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

పొద్దున ఏడుగంటల బండి. మూడో తరగతి ఆడవాళ్ళ పెట్టె. వెళ్ళేవారికి ఒక మాట: ఎండ పడని వైపు కిటికీ కావాలంటే గంట ముందే ప్లాట్‌ఫారం చేరాలి. మేము చేరాం. గిటారును పాత కంబళిలో చుట్టి సంచిలా కుట్టుకున్నాను. అత్తగారికి ఆ మూట అంటే మహా నామోషీ. టిక్కెట్లు చూసేవాడు "ఇదేందమ్మా?" అంటే, "మా మనవడికి ఊయల" అన్నారు. మాకు పిల్లలింకా లేరు. గౌరీబిదనూరులో ఎక్కిన ఒకామె అడిగితే, "కూరగాయలు తరిగే కత్తిపీట, పెద్దది" అన్నారు.

తెచ్చుకున్న రాగిరొట్టెలూ పచ్చిమిరప చట్నీ తినేసరికి దొడ్డబళ్ళాపురం వచ్చింది. చీరల మూటలతో నేతవారి ఆడవాళ్ళు ఇద్దరు ఎక్కారు. మాటల్లో పెట్టి, నవ్వొచ్చే పాటలేమైనా వచ్చా అని అడిగాను. వయసులో పెద్దామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మాకేం వస్తాయమ్మా! పెండ్లిలో వియ్యాలోళ్ళని ఎకసెక్కెం చేసే పాటలు వినల్లంటే చిక్కపేటలో తాయమ్మ ఉండాది. బట్టలంగడి తాయమ్మ. ఆయమ్మ పాట ఎత్తుకుంటే మగపెండ్లోళ్ళు విస్తరి ముందర్నించి లేసిపోతారు."

"నిజంగానా?"

"నిజమమ్మా. ఒక పెండ్లికొడుకు తాళి కట్టేది మానేసి పడీపడీ నవ్వినాడు. ముహూర్తం దాటిపోతాదని పురోహితుడు గలాట చేసినాడు."

నేను ఆనందంగా అత్తగారివైపు చూశాను. ఆమె కిటికీ కడ్డీలు గట్టిగా పట్టుకుని, యలహంక వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక సిటీ స్టేషనులో దిగాం. జట్కావాడు మూట చూసి ఏమిటన్నాడు. అత్తగారు తడుముకోకుండా "దేవుడి పల్లకి" అన్నారు. పాపం, వాడు చెప్పులు విడిచి దాన్ని బండిలోకి ఎక్కించాడు. బాలేపేట దగ్గర సత్రంలో గది దొరికింది. రేషను రోజులు కాబట్టి హోటల్లో అన్నం కొలిచి పెడుతున్నారు. సాంబారు మాత్రం అడిగినంత. కాఫీ బాగుంది.

ఆ సాయంకాలమే వేట మొదలుపెట్టాను. అవెన్యూ రోడ్డులో గ్రామఫోను రికార్డుల అంగడికి వెళ్ళి హాస్యం పాటలు కావాలంటే, అంగడాయన ఓపికగా అయిదారు వినిపించాడు. హార్మోనియం, తబలా, మధ్యలో ఇద్దరి అరుపులు. అవన్నీ తీసేస్తే మిగిలేదేమిటి? నత్తివాణ్ణీ చెవిటివాణ్ణీ వెక్కిరించడమే. "జనం బాగా నవ్వుతారమ్మా" అన్నాడాయన. నాకు నవ్వు రాలేదు. నాటకాల పాటల పుస్తకాలు తిరగేశాను. వాటిలో పనివాడి తెలివితక్కువే హాస్యం. కిందివాణ్ణి చూసి నవ్వే పాటకు పొగరు ఎక్కడుంటుంది? శుక్రవారం మధ్యాహ్నందాకా కాళ్ళరిగేలా తిరిగి ఉత్త చేతులతో సత్రానికి వచ్చాను.

"తాయమ్మగారి ఇల్లు కనుక్కుంటాను" అన్నాను.

అత్తగారు చాప మీద కూర్చుని చాలాసేపు తన గాజులు సర్దుకున్నారు. "కనుక్కునేదేంది? నాకు తెలుసు. ఆమె మీ మామకి పెదనాన్న బిడ్డ. నాకు ఆడబిడ్డ." అప్పుడు సంగతంతా చెప్పారు. ముప్పై ఏళ్ళు దాటింది. పెనుకొండలో అత్తగారి పెండ్లి. మగపెండ్లివారి తరఫున పదహారేళ్ళ తాయి లేచి, విందు మీద పాట కట్టి పాడింది:

పెనుకొండ వారింట పెండ్లంటనమ్మా
పాయసం పారితే వాగంటనమ్మా
గరిటేసి గాలించి గాలించి చూస్తే
జీడిపప్పొక్కటి ఈదొచ్చెనమ్మా

పందిరంతా గొల్లుమంది. ఆడపెండ్లివారి వైపు ఒక్కరికీ జవాబు తోచలేదు. "మా నాయన తల ఎత్తలే, శారదా. పెండ్లికూతుర్ని, నేను నోరు తెరిస్తే తప్పు. అప్పట్నించీ ఆమె ఉండే ఇంటి గడప తొక్కలే." మళ్ళీ ఆవిడే అన్నారు: "పాట మాత్రం బాగుండాది. అదే బేజారు."

శనివారం పొద్దున చిక్కపేట. మూటల కూలీలూ తోపుడుబండ్లూ తప్పించుకుంటూ, పట్టుచీరల అంగడి పక్క సందులోంచి వెనక ఇంట్లోకి వెళ్ళాం. అత్తగారు నా వెనకాల వచ్చారు, రానంటారనే అనుకున్నాను. నడవలో కుర్చీ నిండుగా ఒకావిడ, నోట్లో తాంబూలం, చేతిలో విసనకర్ర. మమ్మల్ని చూసీ చూడగానే కుర్చీలోంచి సగం లేచింది.

"నువ్వు పెనుకొండ రుక్కువి గదా! ఇన్నేండ్లకి దావ కనపడిందా మా ఇంటికి?"

"కోడలికి పనుండాది, వచ్చినాం" అన్నారు అత్తగారు, గోడవైపు చూస్తూ.

నేను వచ్చిన పని చెప్పి, గిటారు మూట విప్పాను. తాయమ్మ ఆరు తీగలనూ ఒక చూపు చూసింది, నన్ను ఒక చూపు చూసింది. "పాటలు ఊరికే ఇచ్చేకి అవి శెనగలా? నేనొకటంటా. జవాబు చెప్పు. చెప్తే అన్నీ ఇస్తా." విసనకర్ర తొడమీద తట్టి అప్పటికప్పుడు ఎత్తుకుంది:

కడుపు ఖాళీ పెట్టె ఒళ్ళోన పెట్టి
కదిలిస్తె మూలిగే కోడలమ్మా
అన్నమే పెట్టమని అడుగుతున్నాదో
అత్తింటి కష్టాలె చెబుతున్నాదో

జవాబు కోసం తీగలు మీటి చూశాను, వరస దొరకలేదు. నవ్వు కూడా వచ్చింది, అది ఇంకా అవమానం. తాయమ్మ కళ్ళు నా మీద కాదు, నా వెనక ఉన్నాయి. కోడలికి అన్నం పెట్టని అత్త ఎవరో చెప్పకనే చెప్పింది కదా.

నా భుజం పక్కనుంచి ఒక గొంతు లేచింది. వణికింది, నిలబడింది. ఇంట్లో దీపం పెట్టేటప్పుడు తప్ప పాడగా నేను ఎప్పుడూ వినని గొంతు, అత్తగారిది.

ఈదొచ్చిన పప్పును ఎవరు తినిరమ్మా
ఇంటి ఆడబిడ్డ తాయి మింగెనమ్మా
నీళ్ళ పాయసమని నిందలేసేది
నాలుగో గిన్నెకు చెయ్యి చాచెనమ్మా

అంగడిలోంచి బట్ట చింపుతున్న చప్పుడు వినిపించింది. తాయమ్మ మొహం ఎర్రబడింది. ఇక లేచి పొమ్మంటుందని గిటారు దగ్గరికి లాక్కున్నాను. అప్పుడు ఆ పెద్ద ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది. తాంబూలం పొరబోయింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "నాలుగు కాదు రుక్కూ, అయిదు గిన్నెలు తాగినా! ఎప్పుడు కట్టినావే ఇది?" అంది.

"పెండ్లయిన వారానికే. చెప్పేకి ఎవురున్నారు, వదినా?"

తాయమ్మ లేచి వచ్చి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. ఆ తరువాత సాయంకాలందాకా మాట్లాడుకోకుండా ఉన్నది లేదు. రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు, మీద నెయ్యి పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టి, ఒకరి తరువాత ఒకరు పాటలు పాడుతూనే ఉన్నారు. నడకలోనే గొప్ప చూపే వియ్యపురాలి మీద, ఇత్తడి నగల మీద, మీసం ఉండీ మాట లేని పెండ్లికొడుకు మీద. నేను తీగలమీద వరసలు వెదుక్కున్నాను. లావు తీగలు మగపెండ్లివారికి, సన్నతీగలు ఆడపెండ్లివారికి పంచాను. అలా ఒక్క గిటారే రెండు పక్షాలయింది. ఏడుపు పాటకు తీగ మోగుతూ ఉండాలి. దీనికి అట్లా కాదు. కొసమాటకు ముందు అరచెయ్యి ఆనించి మోత ఆపెయ్యాలి. ఆ నిశ్శబ్దంలోకి మాట పడితే నవ్వు తనే వస్తుంది.

వెళ్ళేటప్పుడు తాయమ్మ గడపలో నిలబెట్టి ఒక మాట చెప్పింది. "మావి పాడు. అయితే నీది ఒకటి ఉండల్ల. ఎవురి మీద పాడతావో వాళ్ళు నీ ఎదురుగ్గా కూర్చోనుండల్ల. వీపు ఎనకాల పాడితే అది చాడీ. ఎదురుగ్గా పాడితేనే ఎకసెక్కెం."

సభలో నా ఎదురుగా కూర్చునేవారిలో నేను ఎకసెక్కెం చెయ్యగలిగిన మనిషి ఒక్కరే. ఆదివారం పగలంతా సత్రం వరండాలో కూర్చుని నాలుగు వరసలు కట్టాను. పాడితే ఏమవుతుందో తెలియదు. నాతో ఈ ఊరు వచ్చి, నా కోసం ముప్పై ఏళ్ళ మౌనం విడిచిన మనిషి. నలుగురిలో నొచ్చుకుంటే, ఆ తరువాత ఆ ఇంట్లో నేను నవ్వగలనా? అత్తగారు రెండుసార్లు అడిగారు ఏమి రాస్తున్నావని. చెప్పలేదు.

సభ ఆరుగంటలకు. బసవనగుడిలో హాలు నిండిపోయింది. ముందువరసలో అత్తగారూ తాయమ్మా పక్కపక్కనే. కార్యదర్శినిగారు నా చెవిలో, "మర్యాదస్తుల సభ, లాలిపాట ఏదైనా పాడండి" అన్నారు. తల ఊపి వేదిక ఎక్కాను. గిటారు చూసి నలుగురు గుసగుసలాడారు. పాయసం పాటతో మొదలుపెట్టాను. జీడిపప్పు ఈదుకుంటూ వచ్చేసరికి ముందు ఆడవాళ్ళ వైపు, తరువాత మగవాళ్ళ వైపు నవ్వు లేచింది. నాలుగో గిన్నెకు కార్యదర్శినిగారే కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఇత్తడి నగలకు చప్పట్లు మొదలయ్యాయి; మళ్ళీ పాడమన్నారు, పాడాను. అక్కడితో ఆపేసి దిగిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

అత్తగారి కళ్ళల్లోకి చూసి తీగ మీటాను.

మా అత్త నాతోటి ఊరొచ్చెనమ్మా
మూటలో ఏముందని అడిగిరమ్మా
ఒకరితో ఊయలని, ఒకరితో పీటని

అరచెయ్యి ఆనించాను.

నిజమొక్కటే తప్ప అన్నీ చెప్పెనమ్మా

నవ్వులు పైకప్పును తాకాయి. నాకు మాత్రం ఒక్క మొహమే కనిపిస్తోంది. అది కదల్లేదు. తాయమ్మ మోచేత్తో పొడిచింది. మెల్లిగా అత్తగారు లేచి నిలబడ్డారు.

"పల్లకి మర్చిపోయినావు" అన్నారు, అందరికీ వినపడేలా. "దీనికి జవాబు ఇంటికి పోయినాక చెప్తా!"

ఆ తరువాత ఎంతసేపు చప్పట్లు కొట్టారో చెప్పలేను. జనం కుర్చీల్లోంచి లేచారు. పల్లకి ఏమిటో చెప్పమని గోల చేశారు. జట్కావాడు చెప్పులు విడిచిన సంగతి చెబితే మళ్ళీ గోల. ఇరవై నిమిషాలన్నది నలభై అయింది. దిగివచ్చాక అత్తగారు నా చెంపలు నిమిరి మెటికలు విరిచారు. కార్యదర్శినిగారు వచ్చే ఏడాదికి కూడా రమ్మన్నారు. ఈసారి లాలిపాట మాట ఎత్తలేదు.

సోమవారం పొద్దున సిటీ స్టేషనుకు తాయమ్మ కూడా వచ్చింది. కిటికీలోంచి అరటిపండ్ల గెల లోపలికి తోసి, బండి కదిలేదాకా అత్తగారితో ఏదో గుసగుసలాడింది.

బెంగుళూరు వెళ్ళేవారు తోటలు చూస్తారు, దండు చూస్తారు, రాజభవనం చూస్తారు. ఈసారి అవేవీ చూడకుండా వచ్చాను. చిక్కపేట సందులో ఒక నడవా చూశాను, చాలు. బెంగుళూరు అంటే నాకు ఇక ఆ విసనకర్ర చప్పుడే.

రైలు పెట్టెలో మూటల మీద మూటలు, పిల్లలు, పూలగంపలు. ఎవరో అమ్మాయి "అదేంది అవ్వా?" అని గిటారు చూపించింది. "గిటారు. మా కోడలు వాయిస్తాది" అన్నారు అత్తగారు, గొంతు పెంచి. వెంటనే నావైపు తిరిగి, "తియ్యి. శ్రుతి చెయ్యి. ఇంటిదాకా ఆగలేను" అన్నారు. మల్లేశ్వరం ఇంకా దాటలేదు. తీశాను. ఆమె గొంతు సవరించుకున్నారు.

పాటలు వెదకను పట్నమొచ్చెనమ్మా
పట్నమంతా తిరిగి అలసిపోయెనమ్మా
పక్కనే నేనుంటె పలకరించక
రైలెక్కి వెదికెను కోడలమ్మా

కొసమాటకు ముందు అరచెయ్యి ఆనించడం మరిచిపోలేదు నేను. పెట్టెంతా పకపకలాడింది. నన్ను తిట్టే పాటకు నేనే తీగ మీటుతూ, యలహంక వచ్చేలోపల మళ్ళీ రెండుసార్లు పాడించాను.