హోటలుకు పోయిన పాలు

కాలువ నీళ్లు వచ్చిన మరుసటి ఏడాదో, ఆ పై ఏడాదో, మా ఊరి నుంచి మోకకు పోయే దారిలో బస్సు ఆగే చోట ఒక టీ హోటలు వెలిసింది. హోటలంటే నాలుగు గుంజలు, ఒక తడిక, ఒక బల్ల. అంతకుముందు మా ఇంట్లో పొద్దున్నే జొన్న అంబలిలో మజ్జిగ కలుపుకుని తాగేవాళ్లం. పెద్దలకూ పిల్లలకూ అదే. హోటలు వచ్చాక మా బర్రె పాలు రెండు పూటలా అక్కడికే పోయాయి. పాలు లేని ఇంట్లో మజ్జిగ ఎక్కడిది? వట్టి అంబలి గొంతు దిగలేదు. అమ్మ బెల్లం వేసి నల్ల టీ కాచడం నేర్చుకుంది.

మా ఇల్లొక్కటే కాదు, ఊరంతా అలాగే మారింది. దేశమంతా మారిందని తర్వాత చదువుకున్నవాళ్లు చెప్పారు. ఆకలి చంపడమే టీ గొప్పగా కనిపించింది జనానికి. కూలికి పోయే ఆడవాళ్లు చంటిపిల్లలకు కూడా రెండు గుక్కలు పట్టి పోయేవారు. తిండి అడగని పిల్లను చూసి సంతోషించిన కాలం అది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాన్నకు డబ్బు కంటే ఆ బల్ల మీద చోటు ముఖ్యం. అంతవరకు ఊళ్లో ఆయన్ను రమ్మని పిలిచి కూర్చోబెట్టినవాడు లేడు. హోటలాయన మాత్రం బల్ల తుడిచి చోటిచ్చేవాడు. మా చెల్లెలికి అప్పుడింకా మూడేళ్లు నిండలేదు. అదంటే నాన్నకు ప్రాణం. రోజూ భుజాన ఎత్తుకుపోయి, టీని సాసరులో పోసి, ఊది ఊది తాగించేవాడు. అది పెద్దమనిషిలా మూతి చాచి తాగుతుంటే బల్ల మీదివాళ్లంతా మురిసిపోయేవారు. ఇంటికొచ్చాక సంగటి ముద్ద ముట్టేది కాదు.

దాని కాళ్లు పుల్లలయ్యాయి, జుట్టు ఎర్రబారింది. బళ్ళారిలో డాక్టరు చూసి, ఒంట్లో సత్తువ లేదు, టీ మాన్పించి పాలు పట్టండి అన్నాడు. పాలు కొనలేనివాళ్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. మా ఇంట్లో బర్రె ఉందని ఆయనకు తెలియదు.

"ఒక పూట పాలన్నా ఈడ పెట్టు. పాప బతకల్ల గదా," అంది అమ్మ ఆ సాయంత్రం.

నాన్న బర్రెకు గడ్డి వేశాడు. "హోటలాయనకు మాట ఇచ్చినా గదా. ఒక పూట తప్పితే ఇంగొకర్ని చూసుకుంటాడు," అన్నాడు. అయినా మర్నాడు ఒక గ్లాసు పాలు ఇంట్లో ఉంచాడు.

అమ్మ కాచి, చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పట్టింది. అది ఒక్క గుక్క నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది.

"ఇది వద్దు. టీ కావల్ల."

తెల్లగా కనిపిస్తేనే మొహం తిప్పుకునేది. రంగు మారేదాకా అమ్మ అందులో టీ కలిపింది. చాలలేదు, ఇంకాస్త కలిపింది. చివరికి గ్లాసులో పాలెన్నో టీ ఎంతో అమ్మకే తెలియకుండా పోయింది. వానలు పట్టాక చెల్లెలికి జ్వరం వచ్చింది. తట్టుకునే ఒళ్లు కాదది. ప్రాణం పోయింది.

మూడో రోజు మావైపు హాలుతుప్ప చేస్తారు, పూడ్చిన చోట పాలూ నెయ్యీ పోసి వస్తారు. ఆ రోజు నాన్న హోటలుకు పాలు పంపలేదు. పితికినవన్నీ చెంబులో పట్టుకుపోయాడు. ఆ చిన్న దిబ్బ మీద వంచబోతూ, కాచని పాలే అయినా, చెంబులోకి రెండుసార్లు ఊదాడు.

మర్నాటి నుంచి పాలు మళ్లీ హోటలుకే పోయాయి.