చివరి పేజీ ఎవరి దగ్గరుంది?

జప్ర్యాన్ మాస్టారు ఏ కథనీ చివరిదాకా చెప్పి ఎరగడు. ఒక్క కథలనే ఏముంది, కాఫీ సగంలో వదిలేసేవాడు. జోకు చెబుతూ సరిగ్గా నవ్వొచ్చే చోట కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఒక పెళ్లివిందులో దీవించడానికి లేచి, "మీ ఇద్దరూ నూరేళ్లు..." అని కూర్చున్నాడు. నూరేళ్లూ ఏం చెయ్యాలో ఆ జంటకి ఇప్పటికీ తెలియదు.

బల్గేరియాలోని రొదొపి కొండల్లో మాదొక చిన్న బడి. ఆయన గ్రంథాలయం చూసేవాడు, నేను లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలు పుస్తకం ముఖం చూడరు, ఫోను వదలరు. "అయితే ఫోన్లోకే దూరతాను" అన్నాడాయన. కథలు తన గొంతుతో రికార్డు చేసి, క్యూఆర్ కోడ్‌లు ఊరంతా అంటించాడు. బస్‌స్టాపులో, రొట్టెల కొట్టు తలుపుమీద, ఆఖరికి నా నల్లబల్ల మూల కూడా. ఫోను చూపిస్తే ముందు ఆయన దగ్గు, వెనకే కథ. ఎలుగుబంటి తలుపు తోసే సమయానికి "ఇంతే" అని ఆపేసేవాడు. పిల్లలు పుస్తకం కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లు. తీరా చదువుకుంటూ పోతే చివరి పేజీ బ్లేడుతో కోసేసి ఉండేది.

"పుస్తకాలు కోసే లైబ్రేరియన్‌ని నిన్నొక్కణ్ణే చూశాను. నీకు జీతమిచ్చేవాళ్లకి బుద్ధి లేదు" అన్నాను.

"కథ ఐపోతే పిల్లలు ఎవర్నీ ఏమీ అడగరు, లెక్కలమ్మా."

"ఎవర్ని అడగాలి?"

"అదే..." అని సగం కాఫీ వదిలేసి వెళ్లిపోయాడు.

మా బడి పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు పనికోసం పరాయి దేశాలు పోయినవాళ్లే. స్నెజానా అనే పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. తల్లి స్ట్రాబెర్రీలు కోసే పనికి స్పెయిన్ వెళ్లింది. తనను వదిలేసి పోయిందని ఆ పిల్లకి ఎంత కోపమంటే, తల్లి ఫోను చేస్తే పలికేది కాదు. అటు తల్లి ఏడవడం, ఇటు పిల్ల గోడకేసి చూడడం.

ఒకరోజు అది గ్రంథాలయంలోకి దూసుకొచ్చింది.

"మాస్టారూ, ఎలుగుబంటి లోపలికొచ్చిందా లేదా? పేజీ ఎక్కడ దాచారు?"

"స్పెయిన్‌లో ఉంది."

"అక్కడెవరి దగ్గర?"

"మీ అమ్మ దగ్గర. ఫొటో తీసి ఫోనుకి పంపాను."

"మీరు మోసం చేస్తున్నారు" అని తలుపు ధడాలున వేసి పోయింది.

కొన్నాళ్లు బిగదీసుకుని కూర్చుంది. తర్వాతొక మధ్యాహ్నం బడి మెట్లమీద, ఫోను చెవికి ఆనించుకుని, "సరే, చదువు" అంటుంటే విన్నాను. ఒక్క పేజీయే. తల్లి చదవలేక ఎన్నిసార్లు ఆగిందో, ఈ పిల్ల ఎన్నిసార్లు ముక్కు తుడుచుకుందో. గంట కొట్టినా దాన్ని లోపలికి పిలవలేదు. మాయమైన పేజీలన్నీ ఏ దేశాలు పోయాయో నాకు అప్పుడు తెలిసింది.

ఆ చలికాలం ఆయన గుండె కూడా సగంలోనే ఆగింది. పోయే ముందు నా ఫోనుకీ ఏదో కథ చివరి పేజీ పంపాడు. పొరపాటనుకున్నాను. నాకు పరాయి దేశంలో ఎవరూ లేరు. మా ఆయన పోయాక ఇంట్లోనూ ఎవరూ లేరు. ఇప్పుడు కాఫీ సగం వదిలేసే మనిషి కూడా లేడని దిగులు పట్టుకుంది.

నలభయ్యో రోజున ఆనవాయితీ ప్రకారం ఆయన ఫొటోతో సంతాప పత్రం బడి గేటుకి అంటించి, ఉడికించిన గోధుమలు పంచాం. పత్రం తయారుచేసింది స్నెజానాయే. గ్రంథాలయం కంప్యూటర్లో ఎవరూ వినని కథ ఒకటి దొరికితే, దాని కోడ్ ఫొటో కింద పెట్టింది. ఫోను చూపించగానే ఆయన దగ్గు వినిపించింది. నేను ఏడ్చేశాను. కథ సాగి సాగి, వంతెన మీద ముసలమ్మ వెనక్కి తిరిగేసరికి ఆగింది.

"ఇంతే. చివరి పేజీ లెక్కలమ్మ దగ్గరుంది. సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది, వెళ్లి అడగండి."

పిల్లలంతా నావైపు తిరిగారు. కళ్లు తుడుచుకుని, ఫోను తీసి చదవడం మొదలుపెట్టాను. ఆఖరి వాక్యం దగ్గరికొచ్చి ఫోను సంచిలో వేసుకున్నాను.

"తర్వాత?" అంది స్నెజానా.

"రేపు సాయంత్రం మా ఇంటికి రండి" అన్నాను.