బంగారి చెవులు

ఆ రోజుల్లో నాకు నా గొంతు మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలో పిల్లలకు సంగీతం చెప్పేదాన్ని. అప్పుడప్పుడు అక్కడో కచేరి, ఇక్కడో కచేరి. బాసరలో నవరాత్రులప్పుడు ఒకసారి పాడినందుకు (సాయంత్రం కాదు లెండి, మధ్యాహ్నం భోజనాల వేళ, విన్నది మైకు సరిచేసే మనిషి, చెప్పులు కాపలా కాస్తున్న ఒక ముసలాయన) మా వీధిలో నన్ను 'సంగీతం మేడం' అనేవారు. మంచి పాట ఎవరికైనా అందుతుందని, అందకపోతే లోపం వినేవాళ్లదేనని గట్టిగా అనుకునే వయసు. ఆ పొగరు దించినవాడు ఏ పేరున్న విద్వాంసుడో అయి ఉంటే చెప్పుకోవడానికి గొప్పగా ఉండేది. దించింది ఒక బర్రె. దాని పేరు బంగారి.

తొలి కాన్పుకు తల్లిగారింటికి వెళ్లాను. మంచిర్యాల దాటాక గోదావరి పక్కన మా ఊరు. బుజ్జి పుట్టింది, అంతా క్షేమం, కానీ ఆ రోజు నుంచి మా అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలుస్తాం) నన్ను మనిషిగా చూడటం మానేసి బాలింతగా చూడటం మొదలుపెట్టింది. చెవుల్లో దూది, తలకు కట్టు, పొయ్యి పక్కన మంచం, ఎల్లిపాయ కారం. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే. "బాలింత గొంతు లేపితె వాతం జేస్తది. ఐదో నెల ఎల్లేదాక పాట లేదు, గీట లేదు. నోరు మూసుకొని పండుకో" అంది అవ్వ. చిన్నప్పటి నుంచి పొద్దున లేచి పాడకుండా పళ్లు కూడా తోముకోని దాన్ని. వారం తిరిగేసరికి నాకు పిచ్చెక్కినంత పనైంది. నిద్రలో కూడా వేళ్లు తాళం వేస్తున్నాయని అవ్వ మంత్రం వేయించింది గాని పాట మాత్రం పాడనివ్వలేదు.

ఒక పొద్దున అవ్వ చేనుకు పోగానే బుజ్జిని ఒళ్లో పెట్టుకుని, వెనక గది తలుపు వేసుకుని, దొంగలాగా సరళీ వరుసలు అందుకున్నాను. అంత పెద్ద విద్వాంసురాలిని పిల్లల పాఠం పాడుకోవాల్సి వచ్చింది. గొంతు తుప్పు పట్టింది మరి. మెల్లగా మొదలుపెట్టి, మనసాగక పైషడ్జం దాకా వెళ్లాను. బుజ్జి ఉలిక్కిపడి లేచి కేరుమంది. (అది పుట్టుకతోనే విమర్శకురాలు. నేను పైస్థాయి అందుకున్నప్పుడల్లా అంతే.) ఊరుకోబెడదామని పాట ఆపబోతుంటే గోడ అవతల నుంచి ఒక కేక వినపడింది. "చెల్లె! ఆపకు! నీ కాళ్లు మొక్కుత, ఆపకు! బంగారి చేపింది!"

ఆ కేక దుబాయక్కది. ఆమె జగిత్యాల దాటి ఎరగదు. భర్త దుబాయ్‌లో ఉంటాడు కాబట్టి ఆమె దుబాయక్క. మా వెనక గదికీ వాళ్ల బర్రెల కొట్టానికీ మధ్య ఒక్కటే గోడ. ఆ కొట్టంలో ఉన్న ఒక్కగానొక్క బర్రె బంగారి. పెయ్యగా ఉన్నప్పుడు తల్లిగారు ఇస్తే తోలుకొచ్చుకుని, చేత్తో నీళ్లు తాపి పెంచుకుంది. భర్త లేని ఇంట్లో ఆమె కష్టసుఖాలు చెప్పుకునేది దానికే. అది ఆ మధ్యనే ఈనింది. దుడ్డె మూడు పూటలు కూడా బతకలేదు. దుడ్డె లేకపోతే కొన్ని బర్రెలు చేపవు, అంటే పాలు పొదుగులోకి వదలవు. బంగారి అట్లా బిగబట్టుకుని కూర్చుంది. దుడ్డె తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెడితే కాసేపు వాసన చూసి, చిరుగులోంచి బయటికొచ్చిన గడ్డి ప్రశాంతంగా తినేసింది. సూది వేయిస్తే చేపుతుందన్నారు గాని అక్క ఒప్పుకోలేదు. వాళ్ల మామ మాత్రం, "పాలియ్యని బర్రెను మేపుడెందుకు? అంగట్ల అమ్మిపారేత్త" అని పలుపు చేతికి చుట్టుకుని తిరుగుతున్నాడు. అక్క వారం రోజులుగా అన్నం సరిగా తినలేదు.

అవ్వ చేను నుంచి రాగానే అక్క వచ్చి గడపలో కూర్చుంది. "పెద్దమ్మా, చెల్లెను జర పాడనియ్యి. గా పాట ఇని నా బంగారి చేపింది. లేకుంటె ముసలోడు దాన్ని అమ్ముతడు. అది పోతె నేనుండ" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మా అవ్వ ఎవరి మాటా వినదు, కానీ బర్రె అంటే వింటుంది. చాలాసేపు నన్ను, గోడను మార్చిమార్చి చూసి, "చెవుల దూది తియ్యొద్దు. తలకట్టు తియ్యొద్దు. బర్రెకెంత అవసరమో గంతే పాడాలె. షోకులకు పోవద్దు" అని ఆజ్ఞ ఇచ్చింది. చెవుల్లో దూది పెట్టుకుని కచేరి చేసిన గాయని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అయినా ఆ పూట నాకు కలిగిన సంతోషం బాసరలో పాడినప్పుడు కూడా కలగలేదు.

ఇక పొద్దునా సాయంత్రమూ కొట్టంలో పీట వేసుకుని, ఒళ్లో బుజ్జి, పక్కన ఫోన్లో శ్రుతి, ఎదురుగా బంగారి. నేను షోకులకు పోకుండా ఎట్లా ఉంటాను? అసలు బర్రె ఏం వింటుంది, ఎంతవరకు వింటుంది అన్న ఆరాటం పట్టుకుంది. రోజుకో రాగం పాడి చూశాను. కళ్యాణి పాడితే గిన్నె నిండింది. మోహనకు సగమే. తోడి అందుకుని గమకాలు ఊపేసిన పూట నురగలు పొంగాయి. (బుజ్జి ఆ పూట ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. తోడి అంటే దానికి భయమనుకున్నాను.) నీలాంబరికి మాత్రం ఒక్క చుక్క రాలలేదు. అది నిద్రపుచ్చే రాగమంటారు కదా, బుజ్జి ఒళ్లో ఆదమరిచి నిద్రపోయింది, బంగారి నెమరు వేసుకుంటూ నిలబడింది. 'బర్రె జాతికి నీలాంబరి సరిపడదు' అని ఒక సిద్ధాంతం కట్టేశాను. నేను లేనప్పుడు పనికొస్తుందని, బుజ్జిని అవ్వకిచ్చి పంపి, చడీచప్పుడు లేకుండా కళ్యాణి ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తే అదీ పని చేయలేదు. 'నిజమైన కళ ఎదుటే పుట్టాలి, యంత్రంలో ఉండదు' అని ఇంకో సిద్ధాంతం. ఇవన్నీ మా సార్‌కు (నాకు సంగీతం చెప్పిన పెద్దాయన) ఫోన్ చేసి గంభీరంగా వివరించాను. ఆయన అంతా విన్నారు. చివరికి, "బర్రె శ్రుతి తప్పుతలేదు కదమ్మా?" అని అడిగి పెట్టేశారు.

ఊళ్లో నా పేరు మారిపోయింది. 'పాటల బాలింత' అన్నారు. తన్నే ఆవు ఉన్నవాళ్లు వచ్చారు, గుడ్లు పెట్టని కోడిని చంకన పెట్టుకుని ఒకామె వచ్చింది. ఒక ముసలాయన అయితే గడపలో నిలబడి, "బిడ్డా, మా బోరు సుత ఎండిపోయింది. గా గడ్డకు నిలవడి ఒక్క పాట పాడితె పోతదా?" అన్నాడు. మా అవ్వ కర్ర తీసింది కాబట్టి సరిపోయింది గాని, నిజం చెప్పొద్దూ, నేను అప్పటికే ఏ రాగమైతే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.

అక్క వాళ్ల మామకు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఇయ్యాల పాడుతది, రేపు కరీంనగర్ పోతది. అప్పుడెవడు పాడాలె, నేనా?" అని ఒక సాయంత్రం బేరగాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆదిలాబాద్ అవతలి మనిషి, తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడతాడు. మామ పలుపు పట్టుకుని తీర్పు చెప్పాడు. "గీ మనిషి ముందల చేపితె ఉంటది. లేకుంటె గీయన ఎంబడి పోతది." అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను మాత్రం ధైర్యంగానే ఉన్నాను. పది మంది చేరారు, నిజమైన సభ. మధ్యలో పిల్ల ఏడిస్తే రసభంగమని బుజ్జిని అవ్వకిచ్చి లోపలి గదిలో పడుకోబెట్టమన్నాను. చెవుల్లో దూది కూడా తీసేశాను.

అంత బాగా నేను ఎప్పుడూ పాడలేదు. కళ్యాణి ఆలాపన నిదానంగా మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కాను. అక్క పొదుగు కడిగి, గిన్నె పట్టుకుని, వేళ్లతో నిమురుతూ కూర్చుంది. బంగారి తోకతో ఈగలు తోలుకుంది. స్వరాలు వేశాను. బంగారి నెమరు వేసింది. తోడికి మారాను. బంగారి పేడ వేసింది. నా వీపు మీద చెమట కారుతోంది. బేరగాడు జాలిగా తలూపి, "పాట చాంగ్లా ఉంది తాయీ. పాలే లెవ్వు" అన్నాడు. మామ గుంజ దగ్గరికి పోయి పలుపు ముడి విప్పుతున్నాడు. అక్క గిన్నె కింద పెట్టేసి బంగారి మెడను రెండు చేతులా పట్టుకుంది. ఏడవలేదు, అట్లా పట్టుకుంది అంతే. పాట ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో లోపల బుజ్జి లేచింది. లేచి, ఆకలికి, గొంతు చించుకుని ఏడ్చింది. బంగారి నెమరు ఆపింది. దాని చెవులు రెండూ నా వైపు నుంచి మా ఇంటి వైపుకు తిరిగాయి. గొంతులోనే సన్నగా ఒక మూలుగు మూలిగింది. చూస్తుండగానే, ఎవరూ ముట్టకుండానే, పొదుగు నుంచి పాలు నేల మీదికి కారడం మొదలైంది. అక్క గిన్నె కోసం తడుముకుంటోంది, పదిమందీ కేకలు పెడుతున్నారు. నేను మాత్రం కదల్లేదు. ఎందుకంటే సరిగ్గా అదే క్షణంలో నా రవిక కూడా తడిసిపోయింది. కొంగు సర్దుకుని తలెత్తితే బంగారి నన్నే చూస్తోంది. కళ్యాణి కాదు, తోడి కాదు. ఎదురెదురుగా మేమిద్దరం ఇన్నాళ్లూ ఒకే ఏడుపుకు పలుకుతున్నాం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"పాట జర ఆల్శంగ ఎక్కింది" అని మామ పలుపు మళ్లీ గుంజకు కట్టేశాడు. బేరగాడు పోతూ పోతూ, "పాట అక్కర లేని బర్రె ఉంటె చెప్పుండ్రి" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నిజం బయటపడితే ఇక నా పాటతో పని లేదు, అవ్వ మళ్లీ నోరు మూయిస్తుంది. అయినా అక్కను మోసం చేయబుద్ధి కాలేదు. పొద్దున్నే కొట్టంలోకి పోయి, "అక్కా, చేపేది నా పాటకు కాదు. బుజ్జి ఏడుపుకు" అన్నాను.

అక్క పేడ ఎత్తుతూ తల కూడా తిప్పలేదు. "నాకెరుకనే."

"ఎప్పటి సంది?"

"మొదటి దినం పాటకే అనుకున్న. రెండో దినం సమజైంది. పాలు పిండేదాన్ని, బర్రె చెవులెటు తిరుగుతున్నయో చూసుకోనా?"

"మరి చెప్పలేవేంది?"

అక్క చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది. "చెప్తె పెద్దమ్మ నిన్ను పాడనిస్తుండెనా? నువ్వు తలుపేసుకొని దొంగతనంగ పాడుతుంటె గోడకు ఇవతల నేనున్న చెల్లె. దుడ్డె పోయిన దినం బంగారి ఎట్ల అరిసిందో, నీ గొంతు గట్లనే ఉండె. నీ పిల్ల నా బర్రెకు ఆసరైంది. నా బర్రె నీకు ఆసరైతది, ఏం పోతది అనుకున్న." నేను ఇన్నాళ్లూ ఆమెకు గొప్ప సాయం చేస్తున్నాననుకున్నాను. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. "ఊకో, బాలింతవు, ఏడ్వద్దు. పాడు. నిన్న ముసలోనితోని పరేషాన్ల సరిగ ఇనలే" అంది.

బుజ్జిని తీసుకుని కరీంనగర్ వచ్చేసేటప్పుడు బంగారి ఏమవుతుందోనని నాకు దిగులు. "ఫికర్ చెయ్యకు" అంది అక్క. అప్పటికే నా పాటతో పాటు తనూ కూనిరాగం తీస్తూ, బుజ్జి ఏడుపులో తన గొంతు కలుపుతూ బంగారికి అలవాటు చేస్తోందట. నెల తర్వాత ఫోన్ చేసి, "ఇను" అని ఫోన్ కొట్టంలో పెట్టింది. సరళీ వరుసే, కానీ 'గ' ఉండాల్సిన చోట 'ద' ఉంది, 'ని' ఎటు పోయిందో తెలియదు. వెనక గిన్నెలో పాలు సర్రున పడుతున్న చప్పుడు. దిద్దుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. నా శిష్యుల్లో ఇంత ఫలితం చూపించినవాళ్లు ఇంతవరకు లేరు.

పుష్కర కాలం గడిచింది. ఇప్పుడు సభలో ఎవరైనా కళ్లు మూసుకుని తలూపితే, ఇది నా పాటకేనా లేక ఎక్కడో ఏదో బుజ్జి ఏడుస్తోందా అని ఒక అనుమానం. ఆ అనుమానం వచ్చాకే కాస్త బాగా పాడుతున్నానని మా సార్ అంటారు. బుజ్జి కూడా పాడుతుంది. ఏడుపంత గట్టిగా కాదు గాని బాగానే పాడుతుంది. కాకపోతే నేను వినకూడదట. "నువ్వు వింటుంటే తప్పులు వస్తయమ్మా, నువ్వు పో" అని తలుపు వేసుకుంటుంది. సరేనని వంటింట్లోకి వచ్చి కూరగాయల పీట ముందేసుకుంటాను. లోపల అది మెల్లగా ఎక్కి ఎక్కి పైషడ్జం అందుకుంటుంది. నా కత్తి ఆగిపోతుంది. చెయ్యి దానంతటదే కొంగు సర్దుకుంటుంది. నా చెవులు ఎటు తిరిగాయో చూడటానికి ఆ సమయానికి వంటింట్లో దుబాయక్క ఉండదు కాబట్టి సరిపోతోంది.