బేగం లేచే వేళ

ప్రొద్దుటూరు గులాబ్‌బీ తన ఎడమచేతిని బేగం అని పిలుస్తుంది. పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆ చెయ్యి పని మానేసి ఒళ్లో కూర్చుంది. పనీపాటా లేకుండా కూర్చునేది బేగం కాక ఇంకెవరని ఆమె వాదన. టీ తాగేముందు దానికీ కావాలేమోనని అడిగేది. చీమ కుట్టినా కదలకపోతే, దాని పొగరు చూడమని వచ్చినవాళ్లకు చూపించేది.

జమ్మలమడుగు వైద్యశిబిరంలో ఫిజియోథెరపీ డాక్టరు కసరత్తులు ఒక్కసారి చూపించి, ఇకమీదట పులివెందులకు వారం వారం రమ్మన్నాడు. అంతదూరం బస్సెక్కే ఓపికా లేదు, తోడూ లేదు. కూతురు ఫాయిజా కువైట్‌లో ఉంది. అందుకని గులాబ్‌బీ బావి గిలకను వసారా దూలానికి వేలాడగట్టి, తాడు ఒక కొసను బేగానికి కట్టి, రెండో కొసను కుడిచేత్తో లాగడం మొదలుపెట్టింది.

పక్కింటి వనితకు ఇదంతా తెలుసు. అయినా సందెవేళ గిలక కిర్రుమంటుంటే, మధ్యగోడ మీదుగా గాజుల చెయ్యొకటి ఒంటరిగా లేచి, గాలిలో నిలిచి, మెల్లగా దిగిపోతుంటే ఒళ్లు జలదరించేది. వెంటనే బొంగురు గొంతు వినిపించేది: "లెయ్ బేగం. పండుకున్నది సాలు." ఆ తర్వాత గులాబ్‌బీ గోడమీద టక్ టక్‌మని కొట్టేది.

కొన్నాళ్లకు చెయ్యి కనిపించడం మానేసింది. చప్పుడు మాత్రం ఆగలేదు.

ఒక సాయంత్రం ఆ టక్ టక్‌కు బదులు వచ్చింది. వనిత ఇంట్లోంచే.

గోడనానుకున్న గదిలో ఉన్నది అత్త సుశీలమ్మ ఒక్కతే. ఆమెకూ పక్షవాతమే. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పోయింది. బట్టలకొట్టు నడిపిన మనిషి తన అవస్థ ఎవరి కంటా పడకూడదని తలుపు మూయించుకుంది. కసరత్తు మాటెత్తితే మొహం తిప్పేసుకునేది. వనిత తలుపుసందులోంచి చూసింది. మసకచీకట్లో ఆ చచ్చుచెయ్యి గోడమీద పాకుతోంది. వేళ్లు ముడుచుకున్నాయి. గోడను కొట్టాయి.

"ఇంగోసారి," అంది గోడ అవతలి గొంతు. చెయ్యి మళ్లీ లేచింది.

వనిత గులాబ్‌బీ ఇంటికి పరుగెత్తింది. అక్కడ గులాబ్‌బీ కుడిచేత్తో ఉత్త తాడు లాగి గిలకను కిర్రుమనిపిస్తూ, బేగం చేత చాటలో బియ్యం ఏరిస్తోంది. నోరు మాత్రం ఆ బేగాన్నే తిడుతోంది.

"నీ చెయ్యి బాగైపోయిందా పిన్నీ?"

"ఎప్పుడో. మీ అత్తకు సెప్పొద్దు. ఆయమ్మకు పంతం శానా. నేనింకా ఎనకబడి ఉండానంటేనే, నన్ను దాటాలని సేస్తాది."

ఆ మాటల్లో పడి తాడు లాగడం మరిచింది. గిలక ఆగింది. నెలల తరబడి మాటే లేని గోడ అవతలి గదిలోంచి, పాడుబావిలోంచి వచ్చినట్టు, ముక్కలు ముక్కలుగా ఒక గొంతు లేచింది.

"గులా... బీ. యాడ... సచ్చినావు?"

వనిత పైటచెంగు నోట్లో కుక్కుకుంది. గులాబ్‌బీ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"ఈడనే ఉండాలేమ్మా. బేగం మొండికేసింది," అంటూ రెండు చేతులతోనూ తాడందుకుంది.