గాసి కుడికన్ను

విల్లు ఎక్కుపెట్టే ముందు గాసి కుడికన్నును బొటనవేలితో తుడుచుకుంటాడు. అరవై దాటినా ఆ అలవాటు పోలేదు. నిరుడు ఆ కంటికి శుక్లం కమ్మి, ఇటుకల పండుగ విలుపందెంలో గురి తప్పితే, ఆచారం ప్రకారం ఆడవాళ్లు అతణ్ణి పేడముద్దలతో కొట్టారు. "గురి సూత్తన్నావా, వాసన సూత్తన్నావా బావా?" అని పోటీలో తోటివాడు, వరసకు బావ అయిన ఫల్గుణ అందరిలో నవ్వాడు. గాసి మరిచిపోలేదు. శుక్లం ఆపరేషన్‌లో కొత్త లెన్సు దగ్గరి చూపుకు వెయ్యాలా, దూరానికా అని డాక్టరు అడిగితే, "దూరానికే ఎయ్యండి బాబూ. కూడు తడుముకుని తింటాను" అన్నాడు. ఆపరేషన్ తరువాత బాణం మొన మసకగా కనిపించింది. దానికి తెల్లదారం చుట్టి నెలల తరబడి సాధన చేశాడు. ఆ మధ్యే అరకు సంతలో ఫల్గుణ కంట్లో తెల్లపొర చూశాడు. చూసి, నోరు మెదపలేదు.

ఈ ఏటి పండుగలో గాసి బాణం గురిగా కట్టిన గుమ్మడికాయ నడిమికి దిగింది. ఫల్గుణ బాణం పొదలో పడింది. ఆడవాళ్లు లేచారు. గాసి తన భార్య చేతిలోని పేడముద్ద లాక్కున్నాడు. "ఇలాగియ్యి రత్నా, నా గురి తప్పదు." కుడికన్ను తుడుచుకుని విసిరాడు. ముద్ద సరిగ్గా ఫల్గుణ రొమ్ము మీద చితికింది.

"బేగి కడుక్కునిరా బావా," అన్నాడు గాసి. "అప్పుడు సెప్తాను, ఏ ఆస్పత్రికెల్లాలో."