సుద్దగీత పడిన గొట్టం

ఆ గొట్టానికి చిల్లు ఉందా, లేదా? ఈ వయసులోనూ నాకు తేలని ప్రశ్న అదొక్కటే. తెలియాల్సిన వాళ్ళు ఇద్దరే. మా నాన్న పోయాడు. మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఇల్లు విడిచి వెళ్ళాక ఎక్కడున్నాడో తెలియదు.

ఇద్దరిదీ ఒకే కార్ఖానా. ఇనుప సామాను శుభ్రంగా కడిగి, కరిగిన జింకులో ముంచి తీస్తే తుప్పు పట్టని పూత పడుతుంది. బకెట్లు, రేకులు, గేట్లు అన్నీ అలా మునిగి వచ్చేవే. ఆ పూత మీద ఎక్కడైనా గీత పడినా, పక్కనున్న జింకు ముందు తను అరిగిపోయి ఇనుమును కాస్తుందని మామయ్యే నాకు చెప్పాడు.

కరిగిన జింకు తొట్టి దగ్గర ముంచేది నాన్న. అంతకుముందు, చివరలు మూసేసిన బోలు గొట్టాలకు రెండు చివరలా చిల్లు పెట్టేది మామయ్య. చిల్లు లేకపోతే లోపలి గాలీ తడీ ఆ వేడికి ఉబ్బి గొట్టం పేలుతుంది.

"మంచి వస్తువుకు చిల్లు పెట్టి జీతం తీసుకునేది లోకంలో నువ్వొక్కడివేరా" అనేవాడు నాన్న.

"నా చిల్లు లేకపోతే నీ చొక్కాకు పడతాయి బావా, చిల్లులు" అనేవాడు మామయ్య.

మామయ్యకు ఒక పద్ధతి ఉండేది. ఒక చిల్లులో ఊది, చెయ్యి చాపి రెండో చిల్లు దగ్గర అరచెయ్యి పెట్టేవాడు. గాలి తగిలితేనే సుద్దతో గీత గీసేవాడు. ఆ గీత కనిపిస్తే కళ్ళు మూసుకుని ముంచుతానని నాన్న గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ రోజు ఏదో బడి గేట్లు సాయంత్రానికల్లా ఇవ్వాలని యజమాని తొందరపెట్టాడు. మామయ్య గొట్టాలన్నిటికీ ముందే గీతలు గీసేసి, తర్వాత చిల్లులు పెట్టుకుంటూ పోయాడు. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు. తిరిగొచ్చి, ఆపిన చోటే మొదలుపెట్టానని అనుకున్నాడు.

మధ్యాహ్నం తొట్టిలో ఒక గొట్టం పేలింది. జింకు నాన్న ముఖాన పడి రెండు కళ్ళూ పోయాయి. గొట్టం చివర అరటితొక్కలా చీలిపోయింది. అక్కడ చిల్లు ఉండేదో లేదో చెప్పగలవాళ్ళు లేరు.

యజమాని ఆసుపత్రికొచ్చి, చిల్లు పెట్టలేదని తేలితే మామయ్యను పనిలోంచి తీసేస్తానన్నాడు. ఉందనీ, తన కళ్ళతో చూశాననీ కట్ల మాటునుంచి నాన్న చెప్పాడు. మామయ్య ఉద్యోగం నిలబడింది. ఆ జీతంతోనే ఇల్లు గడిచింది. కార్ఖానాలో మామయ్య ప్రతి గొట్టాన్నీ మూడుసార్లు ఊదేవాడట. ఇంట్లో నాన్నకు స్నానం, చొక్కా గుండీలు, గడ్డం అన్నీ అతనే చూసేవాడు. హాస్యమాడటం మాత్రం మానేశాడు.

రెండేళ్ళకు అమ్మ సంచులకు జిప్పులు కుట్టే పనిలో కుదురుకుంది. ఆ జిప్పుల పళ్ళలోనూ జింకే ఉందని మామయ్యే చెప్పాడు. ఈ జింకు మనల్ని వదలదక్కా, అన్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం ఉదయం, నేను గుమ్మంలో కూర్చుని ఉండగా, నాన్నకు గడ్డం గీస్తూ మెల్లగా అడిగాడు.

"బావా, నిజంగా చూశావా?"

"చూశానురా. ఈ కళ్ళు ఆఖరుసారి చూసింది నీ చిల్లునే."

నాన్న వేళాకోళంగానే అన్నాడు. మామయ్య కత్తిని గిన్నెలోని నీళ్ళలో ముంచి కడిగాడు.

"నాకే గుర్తు లేదు బావా."

"నాకు గుర్తుందిగా. చాలు."

మామయ్య రెండో చెంప కూడా గీశాడు. ముఖం తుడిచాడు. ఇత్తడి గిన్నె కడిగి బోర్లించాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా, నా వైపు చూడకుండా గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళాడు.

లోపల నాన్న చెంపలు తడుముకుంటూ, "నున్నగా వచ్చిందా, ఎక్కడైనా వదిలేశావా?" అని ఇంకా అతన్నే అడుగుతున్నాడు.