చెరువు మీద నిద్రపోయినవాడు

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో వాళ్ళకు కూడా తెలియదు. మీకు చెప్పేస్తాను.

నాది గుడివాడ. ఇళ్ళకు, రైస్ మిల్లులకు, చేపల చెరువులకు సోలార్ పెట్టి, కరెంటును చూసుకునే సిస్టమ్ అమరుస్తాను. కరెంటు పోతే బ్యాటరీలో ఉన్నది ముందు దేనికివ్వాలి, అది తగ్గితే ముందుగా ఏది ఆపాలి అనే వరుస నేనే పెడతాను.

ముదినేపల్లి దగ్గర ఒక చెరువుకు అలాగే పెట్టాను. ప్రారంభం రోజున ఇన్వర్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. గట్టు మీది గదిలో రైతుగారి చుట్టాలు కూర్చున్నారు. మెయిన్ స్విచ్ ఆపినా ఏసీ ఆగదని చూపించి మెప్పు పొందాలని నా ఆరాటం. అందుకని వరుసలో గదిని పైకి తెచ్చాను, నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లను అడుగుకు నెట్టాను. అందరూ భలే అన్నారు. ఆ పొగడ్తలు వింటూ చేపల పులుసుతో భోంచేశాను. వరుసను మళ్ళీ మార్చడం మరిచిపోయాను.

చెరువుకు కాపలా కోటయ్య బాబాయ్. కరెంటు పోయినప్పుడల్లా లేచి డీజిల్ ఇంజిన్ వేసేవాడు. వెళ్ళిపోతూ ఆయనతో, ఇక మీరు లేవక్కర్లేదు, హాయిగా పడుకోండి, అంతా సిస్టమే చూసుకుంటుందని చెప్పాను.

ఆ మధ్యాహ్నమే మబ్బు పట్టింది. ఎండ లేదు, ఒకటే ఉక్కపోత. రాత్రి కరెంటు పోయింది. అక్కడే పడుకున్న చుట్టాల గదిలో ఏసీ ఆడుతూనే ఉంది. బ్యాటరీ తగ్గేసరికి సిస్టమ్ నేను పెట్టిన వరుస ప్రకారమే ఏరియేటర్లను ఆపేసింది. తెల్లారేసరికి చెరువు నిండా చేపలు చచ్చి తేలాయి.

కబురు అందగానే ఫోన్‌లోంచే వరుసను సరిచేసేశాను. ఆ తర్వాతే బయల్దేరాను. భయపడ్డానా? భయపడ్డాను. కానీ భయంలో కూడా ముందు ఏం దాచాలో నాకు బాగానే తోచింది.

గట్టు మీద రైతుగారు, ఇంజిన్ వేయకుండా నిద్రపోయావని బాబాయ్‌ని తిడుతున్నారు. బాబాయ్ నావైపు తిరిగాడు.

“నువ్వే కదయ్యా, ఇంక లేవక్కర్లేదు పడుకోమన్నావు?”

“నేనలా అనలేదే బాబాయ్.”

అబద్ధమాడుతూ కూడా బాబాయ్ అనే పిలిచాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయనకు ఏ చెరువు మీదా పని దొరకలేదు. ఇప్పుడు అవనిగడ్డలో బస్తాలు మోస్తున్నాడట, ఆ వయసులో.

అప్పటినుంచి ప్రతిచోటా వరుసను ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. దాన్నే ప్రాయశ్చిత్తం అనుకున్నాను. దానివల్ల ఆయనకు ఒరిగిందేమిటి?

మొన్న ఇంకో చెరువు దగ్గర పనిలో ఉండగా అక్కడి రైతు, కోటయ్య కాపలాకి వస్తానని అడిగితే, చెరువు మీద నిద్రపోయేవాడని వద్దన్నానని చెప్పాడు. నేను తల ఊపాను. ఆనాడు భయపడ్డాను, సరే. మొన్న నన్ను భయపెట్టింది ఎవరు? ఎవరూ లేరు. అలవాటుగా ఊపాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

రేపు ముదినేపల్లి వెళ్తున్నాను. ఆనాటి రైతుగారికి ఇదంతా చెబుతాను. మొన్నటి రైతుకూ చెబుతాను. ఆ పైన అవనిగడ్డ. నా వ్యాపారం దెబ్బతింటే తిననీ. బాబాయ్ క్షమిస్తాడని ఆశ లేదు, క్షమించమని అడగను కూడా. ఆయనను పడుకోమన్నది నేనేనని, ఆయన మీద నింద పడిన ఊళ్ళలోనే చెబుతాను. మీతో అనేశాక గుండె కొంచెం తేలికైంది. ఇక అనలేదని అనడానికి లేదు.